తెల్లవారుజాము విమానం దిగిన తరువాత

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, ఎల్.బి.నగర్, వనస్థలిపురం. ఈ వరుసలో నివసించే మధ్యతరగతి కుటుంబాలలో ఒక కొత్త రకం సంసారం కనబడుతోంది. ఇల్లు, పిల్లల బడి, తల్లిదండ్రుల మందులు ఇక్కడ. ఉద్యోగం మాత్రం బెంగళూరులోనో, చెన్నైలోనో, పూణేలోనో. వారానికి ఒకసారి, కుదరకపోతే పదిహేను రోజులకు ఒకసారి ఆ ఇంటి యజమాని, లేదా ఇల్లాలు, విమానంలో వచ్చి పోతుంటారు. ఒకప్పుడు విమానం ఎక్కడమంటే బంధువులందరికీ చెప్పుకునే సంగతి. ఇప్పుడు వీరికి అది సిటీ బస్సు పాసు లాంటిదైపోయింది.

వీరిలో చాలామంది తెల్లవారుజామున బయలుదేరే మొదటి విమానాన్నే ఎంచుకుంటారు. శుక్రవారం ఆఫీసు పని ముగించుకుని, శనివారం సూర్యుడు రాకముందే విమానం ఎక్కి, పిల్లలు లేచి పళ్ళు తోముకునే వేళకు ఇంట్లో ఉండాలని వారి ఆశ. ఆ ఆశను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ టిక్కెట్టు మీద ముద్రించని ఖర్చు ఒకటి ఉంది. అది నిద్ర. దానిని ఎవరూ లెక్కలో వేసుకోరు. విమానం ఎక్కేటప్పుడు క్షేమంగా చేరాలని ఇంట్లో వారు కోరుకుంటారు, విమానం దిగానని ఫోను రాగానే ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి ఊపిరి బిగబట్టవలసింది అప్పుడే అని నా అభిప్రాయం. ఈ ప్రయాణంలో ప్రమాదం ఆకాశంలో లేదు. శంషాబాద్ నుండి ఇంటికి వచ్చే పాతిక ముప్పై కిలోమీటర్ల రోడ్డు మీద ఉంది. ఆ బండి నడిపే మనిషి కళ్ళలో ఉంది.

ముందుగా గడియారం చూద్దాం. బెంగళూరులో ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర గది. విమానం ఉదయం ఆరింటికి. విమానాశ్రయం ఊరికి ఉత్తరాన దేవనహళ్ళి దగ్గర, గది దక్షిణాన. రోడ్డు ఖాళీగా ఉన్నా గంట పైనే పడుతుంది. ముందుగా చేరుకోవాలి గనుక రెండున్నర, మూడు గంటలకు క్యాబు ఎక్కాలి. అంటే రెండింటికి లేవాలి. శుక్రవారం రాత్రి పదకొండుకు ముందు పడుకునే వారు ఎవరు? పైగా అలారం మోగదేమోనన్న భయంతో పట్టే నిద్ర నిద్ర కాదు. మొత్తం మీద దక్కేది మూడు గంటల కునుకు. ఏడుంబావుకి శంషాబాద్‌లో దిగి, సామాను అందుకుని, రోడ్డెక్కి, దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి తొమ్మిది కావస్తుంది. గాలిలో ఉన్నది గంటా పావు. మొత్తం ప్రయాణం ఏడు గంటలు.

అదే మనిషి సాయంత్రం బెంగళూరులో రైలెక్కితే తెల్లవారేసరికి కాచిగూడలో దిగుతాడు. కాచిగూడ నుండి దిల్‌సుఖ్‌నగర్ ఎంత దూరం? ఆటో బేరం కుదిరేలోపు ఇల్లు చేరిపోవచ్చు. మధ్యలో బెర్తు మీద కాళ్ళు చాపుకుని ఆరేడు గంటలు పడుకునే వీలుంది. రైలే ఎక్కండని నేను వాదించడం లేదు. రిజర్వేషను దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలుసు, శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు ఏ కంపెనీ వదిలిపెడుతుంది? కాని విమానంలో మిగులుతుందనుకునే సమయం ఎక్కడి నుండి వస్తున్నదో ఈ పోలికలో తేలుతుంది. అది విమానం వేగం వలన మాత్రమే మిగిలినది కాదు, పక్క మీద నుండి తీసుకున్నది కూడా.

దూరం సంగతి కూడా ఒక మాట. 2008 మార్చి వరకు మన విమానాశ్రయం బేగంపేటలో, ఊరి నడుమ ఉండేది. ఆ నెల 23న శంషాబాద్‌లో కొత్తది ప్రారంభమైంది. అక్కడి నుండి మన తూర్పు వైపుకు రావాలంటే ఆరాంఘర్, చాంద్రాయణగుట్ట, కర్మన్‌ఘాట్ మీదుగా ఎల్.బి.నగర్ రింగురోడ్డుకు ఒక దారి. శ్రీశైలం రోడ్డున పహాడీ షరీఫ్ మీదుగా ఇంకొక దారి. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి తుక్కుగూడ, బొంగులూరు దాకా వచ్చి సాగర్ రోడ్డు పట్టుకుని బి.ఎన్.రెడ్డి నగర్ మీదుగా రావడం మూడో దారి. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ వరకు మెట్రో వచ్చింది గాని అది మియాపూర్ వైపు వెళ్ళేది, విమానాశ్రయానికి కాదు. నాగోలు నుండి ఎల్.బి.నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా శంషాబాద్ వరకు మెట్రో వేయాలన్న ప్రతిపాదనను రాష్ట్ర ప్రభుత్వం 2024లో కేంద్రానికి పంపింది. ఆ మెట్రో వచ్చే దాకా, వచ్చాక కూడా తెల్లవారుజామున మూడింటికి, మన గతి రోడ్డే.

ఇక నిద్ర సంగతి. మన శరీరంలో ఒక గడియారం ఉన్నదని, ప్రతి కణంలోనూ దానికి సంబంధించిన జన్యువులు పనిచేస్తున్నాయని కనుగొన్న ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చారు. ఆ గడియారం ప్రకారం రాత్రి రెండింటి నుండి ఉదయం ఆరింటి వరకు శరీరం అతి తక్కువ మెలకువలో ఉంటుంది. ఒంటి వేడి పడిపోతుంది, చేతికీ కంటికీ మధ్య పొందిక తగ్గుతుంది. ఆ సమయంలో మనిషి లేచి నడుస్తున్నా, మాట్లాడుతున్నా, డబ్బులు లెక్కపెడుతున్నా, మెదడులో కొంత భాగం పక్క దిగలేదనే అనుకోవాలి. రాత్రి డ్యూటీ చేసే మన నర్సులకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున నాలుగింటికి టెంపరేచరు చార్టు రాస్తున్నప్పుడు అంకెలు ఎలా ఈదుతాయో వారికి తెలుసు.

రెండవది, ఎంతసేపటి నుండి మెలకువగా ఉన్నామన్నది. 1997లో నేచర్ పత్రికలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. పదిహేడు గంటలు ఏకధాటిగా మేల్కొని ఉన్న మనిషి చేతి పనితనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితనంతో సమానంగా పడిపోయింది. మన దేశ చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం, అంటే 0.03 శాతం దాటితే బండి నడపడం నేరం. అంటే ఉదయం పదింటికి లేచి, పగలంతా తిరిగి, రాత్రి మూడింటికి మనల్ని ఎక్కించుకున్న క్యాబు డ్రైవరు ఒక్క చుక్క ముట్టకపోయినా ఆ గీత దాటినవాడితో సమానం. ఎల్.బి.నగర్ చౌరస్తాలో పోలీసువారు గొట్టం పెట్టి ఊదిస్తే ఏమీ తేలదు. నిద్రను కొలిచే గొట్టం ఇంకా రాలేదు.

మూడవది, క్రితం రాత్రి ఎన్ని గంటలు పడుకున్నామన్నది. 2016లో అమెరికాలోని ఏఏఏ ఫౌండేషన్ అనే రోడ్డు భద్రతా సంస్థ ప్రమాదాలకు గురైన డ్రైవర్ల నిద్రను పరిశీలించింది. గడిచిన ఇరవై నాలుగు గంటలలో నాలుగైదు గంటలే పడుకున్నవారికి ప్రమాదం జరిగే అవకాశం, ఏడు గంటలో అంతకు మించో పడుకున్న వారికంటే సుమారు నాలుగు రెట్లని తేలింది. నాలుగు గంటలకంటే తక్కువ పడుకున్నవారికి పదకొండు రెట్లు పైనే. మన బెంగళూరు ప్రయాణికుడు పడుకున్నది మూడు గంటలని పైన లెక్క వేశాము. అతడు శంషాబాద్ పార్కింగులో పెట్టి వెళ్ళిన తన కారును తానే తీసి ఇంటి దారి పడితే, ఆ లెక్కలో అతడి వరుస ఏదో చూసుకోండి. సూర్యుడు వచ్చాడు, వెలుగు ఉంది, కళ్ళు మండుతున్నాయే గాని నిద్ర రావడం లేదు అని అతడు నిజాయితీగానే అంటాడు. నిద్ర చాలని మనిషికి తన నిద్రమత్తు ఎంతో తనకు తెలియదు. అదే దీనిలోని మోసం.

తూలిపోవడమంటే తల వాలిపోయి గురక పెట్టడం కాదు. మూడు నాలుగు సెకన్లు మెదడు ఆగుతుంది, కళ్ళు తెరిచే ఉండవచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే 66 మీటర్లు. అంత దూరం ఆ బండిని ఎవరూ నడపడం లేదన్నమాట. ఔటర్ రింగ్ రోడ్డు లాంటి నున్నని, మలుపుల్లేని, ఖాళీ రోడ్డు మీద ఇది ఇంకా సులువుగా జరుగుతుంది. గతుకుల రోడ్డు మనల్ని లేపి ఉంచుతుంది, మంచి రోడ్డు జోకొడుతుంది. నిద్ర సుఖమెరగదని మన పెద్దలు ఊరికే అనలేదు, స్టీరింగును కూడా ఎరగదు.

కిటికీ అద్దం దించి చల్లగాలి తగలనివ్వడం, పాటలు గట్టిగా పెట్టడం, పక్కవారితో కబుర్లు చెప్పించుకోవడం మన డ్రైవర్ల చిట్కాలు. ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో హార్న్, రేనర్ అనే పరిశోధకులు 1990లలో గాలి, రేడియో చిట్కాలను ప్రత్యేకంగా పరీక్షించారు. ఫలితం కొద్ది నిమిషాలు ఉంటే ఉంటుంది, అంతే. వారి పరీక్షలో నిలబడినవి రెండే. ఒకటి కాఫీ, రెండవది పదిహేను నిమిషాల కునుకు. రెండూ కలిపితే ఇంకా మంచిది. కాఫీ తాగిన వెంటనే కళ్ళు మూసుకోవాలి. కాఫీ పనిచేయడానికి అరగంట దాకా పడుతుంది గనుక కునుకు ముగిసేసరికి అది అందుకుంటుంది. దిగిన వెంటనే ఇంటికి పరుగెత్తే బదులు విమానాశ్రయంలోనే ఒక కాఫీ తాగి, కుర్చీలో కాసేపు కళ్ళు మూసుకుని, లేచి ముఖం కడుక్కుని, ఇంకొక పది నిమిషాలు అటూ ఇటూ నడిచి బండి తీయడం మంచి పద్ధతి. లేచిన వెంటనే మాత్రం తీయకూడదు, మత్తు వదలడానికి కొంత సేపు పడుతుంది. ఇవన్నీ ఆ పూటకు గండం గడిపేవే గాని నిద్రకు బదులు కావు. అన్నిటికంటె మేలు, అసలు బండి తీయకపోవడం. ఎల్.బి.నగర్ వైపు వచ్చే ఆర్టీసీ పుష్పక్ బస్సులు ఉన్నాయి. బస్సులో మీరు నిద్రపోతే ఎవరికీ నష్టం లేదు, మహా అయితే స్టాపు దాటిపోతుంది.

మీరు బండి నడపకపోతే సరిపోతుందా? ఇక్కడే మన కుటుంబాల ప్రేమ అడ్డం వస్తుంది. మనవారు దూరం నుండి వస్తున్నారంటే ఎదురు వెళ్ళి తీసుకురావడం మన అలవాటు. బెంగళూరు వారి విషయంలో అది కొంత తగ్గింది గాని, గల్ఫు నుండో అమెరికా నుండో వస్తున్నారంటే ఇప్పటికీ ఒక బండెడు మంది బయలుదేరుతారు. ఆ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందు దిగేవే. ఎల్.బి.నగర్ మన ఇంటి చౌరస్తా మాత్రమే కాదు, సూర్యాపేట, నల్గొండ, మిర్యాలగూడ, ఖమ్మం వారందరికీ హైదరాబాదు గుమ్మం. అక్కడి నుండి రాత్రి భోజనాలు చేసి కారు మాట్లాడుకుని వస్తారు. విమానం ఆలస్యమైతే విమానాశ్రయం బయటే కూర్చుంటారు. మనిషిని చూసిన సంతోషంలో అదే డ్రైవరుతో, అదే కారులో, పెద్దంబర్‌పేట దగ్గర విజయవాడ రోడ్డు ఎక్కి తెల్లవారుజామున వెనుకకు వెళతారు. లోపల అందరూ నిద్రపోతుంటారు. ఒక్కరు మాత్రం నిద్రపోకూడదు, ఆ ఒక్కరే అందరికంటె ఎక్కువ అలసినవారు. విమానాశ్రయం నుండి ఇంటికి వెళుతూ దారిలో ప్రమాదానికి గురైన కుటుంబాల వార్తలు మనం పత్రికలలో చదువుతూనే ఉన్నాము. ఏళ్ళ తరబడి ఎడారిలో కష్టపడిన మనిషి సొంత ఊరి పొలిమేరలో పోవడం కంటె ఘోరం ఏముంది? 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెప్పింది. వీరిలో ఎందరు నిద్ర వలన పోయారో సరిగా చెప్పడం కష్టం, ఎందుకంటే ఎఫ్.ఐ.ఆర్.లో "అతివేగం" అని రాసేస్తే సరిపోతుంది.

కాబట్టి నా సలహా కొంచెం కటువుగా ఉంటుంది. తెల్లవారుజామున వచ్చేవారి కోసం అరవై దాటిన తండ్రిని గాని, పరీక్షలకు చదువుకుంటున్న కొడుకును గాని లేపి కారు తాళాలు ఇవ్వకండి. ఎదురు వెళ్ళాలనిపిస్తే వీధి గుమ్మం దాకా వెళ్ళండి, చాలు. ఊరి నుండి కారు మాట్లాడుకునేవారు డ్రైవరును మొట్టమొదట అడగవలసింది కిరాయి ఎంతని కాదు, పగలు ఎన్ని గంటలు పడుకున్నావని. పడుకోలేదంటే ఇంకొకరిని పిలిపించండి. లేదా రాత్రి నగరంలోనే బంధువుల ఇంట్లో ఆగి తెల్లవారాక బయలుదేరండి. ఎన్నో సంవత్సరాలు ఆగినవారు ఇంకొక నాలుగు గంటలు ఆగలేరా?

ఇప్పుడు విమానం నడిపేవారి సంగతి చూడండి. పైలట్ల నిద్రకు మన దేశంలో చట్టం ఉంది. పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, 2024 జనవరిలో ఆ నియమాలను ఇంకా గట్టిచేసింది. వారానికి ఇవ్వవలసిన విశ్రాంతిని 36 గంటల నుండి 48 గంటలకు పెంచింది. రాత్రి అంటే అర్ధరాత్రి నుండి ఉదయం ఐదు వరకు అన్న నిర్వచనాన్ని ఆరు వరకు పొడిగించింది. ఒక పైలటు రాత్రిపూట చేయగల ల్యాండింగులను ఆరు నుండి రెండుకు తగ్గించింది. ఇవి 2025లో రెండు విడతలుగా అమలులోకి వచ్చాయి. సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోలేక 2025 డిసెంబరు మొదట్లో ఇండిగో సంస్థ దేశమంతటా వేలాది విమానాలను రద్దు చేయడం, శంషాబాద్‌లో కూడా ప్రయాణికులు అవస్థపడడం అందరికీ గుర్తే. అప్పుడు డీజీసీఏ ఆ సంస్థకు కొన్ని తాత్కాలిక సడలింపులు ఇవ్వవలసి వచ్చింది. ఈ నియమాలు ఎందుకొచ్చాయిరా అని విసుక్కున్నవారు కూడా ఉన్నారు. పైలటు నిద్ర కోసం మన విమానం ఒక రోజు ఆగినా ఆ నియమం న్యాయమైనదేనని నేనంటాను.

మరి క్యాబు డ్రైవరుకో? 2020లో కేంద్రం యాప్ క్యాబులకు ఇచ్చిన మార్గదర్శకాలలో డ్రైవరు రోజుకు పన్నెండు గంటలకు మించి పనిచేయరాదని, ఆ తరువాత పది గంటలు విశ్రాంతి తీసుకోవాలని ఉంది. మాట మంచిదే. ఆ గంటలు ఎవరు లెక్కపెడుతున్నారు? కారు వాయిదా కట్టవలసిన మనిషి తన నిద్రను తానే అమ్ముకుంటాడు. విమానాశ్రయానికి పడే కిరాయి మంచి కిరాయి గనుక ఎంత అలసినా వదులుకోడు. పైలటు వెనుక 180 మంది ఉంటారు గనుక చట్టం గట్టిగా ఉన్నది, డ్రైవరు వెనుక ముగ్గురే గనుక కాగితంతో సరిపెట్టారు. విమానాశ్రయాల దగ్గర డ్రైవర్లు కాళ్ళు చాపుకుని రెండు గంటలు పడుకోవడానికి శుభ్రమైన గది, మంచాలు, మరుగుదొడ్డి ఉండాలని ప్రయాణికులమైన మనం గట్టిగా అడగాలి. ప్రయాణికులకు విశ్రాంతి గదులు, సోఫాలు కట్టినప్పుడు ఇది పెద్ద ఖర్చు కాదు. అలాగే ఉద్యోగులను శనివారం తెల్లవారుజామున పంపే కంపెనీలు, సోమవారం పొద్దున్నే మీటింగులు పెట్టి ఇక్కడి నుండి మూడున్నరకే బయలుదేరేలా చేసే కంపెనీలు, ఆ టిక్కెట్టులో మిగిలిన డబ్బు ఎవరి ఒంటి మీద నుండి వచ్చిందో ఆలోచించాలి.

మొదటి విమానానికి ఉన్న మంచిని కూడా ఒప్పుకోవాలి. రాత్రంతా అక్కడే ఆగి ఉన్న విమానం గనుక సాధారణంగా సమయానికి బయలుదేరుతుంది. పగలు తిరిగే కొద్దీ ఒక ఊరి ఆలస్యం ఇంకొక ఊరికి అంటుకుంటుంది. టిక్కెట్టు కూడా చాలాసార్లు చవక. అయినా, ఆరింటి విమానానికీ తొమ్మిదింటి విమానానికీ తేడా కొన్ని వందలో వెయ్యో అయినప్పుడు తొమ్మిదింటిదే తీసుకోమంటాను. ఇంటి దగ్గర పోయేది రెండు మూడు గంటలు. దక్కేది నిద్రపోయిన మనిషి. మూడు గంటల నిద్రతో వచ్చిన నాన్న శనివారం మధ్యాహ్నమంతా సోఫాలో వాలిపోతే, ఆదివారం ఆరాధనలో కునికిపాట్లు పడుతుంటే, సాయంత్రం పిల్లల మీద చిరాకు పడితే, తొందరగా వచ్చి ఒరిగిందేమిటి? రోజూ ఏడింటికి లేచే మనిషి ఆ ఒక్క రోజు రెండింటికి లేస్తే శరీరానికి అది ఐదు గంటల తేడా. మనకూ ఆస్ట్రేలియాలోని సిడ్నీకీ మధ్య గడియారం తేడా నాలుగున్నర గంటలు, వారి వేసవిలో ఐదున్నర. అంటే బెంగళూరు నుండి హైదరాబాదు వచ్చిన మనిషి ఒళ్ళు సిడ్నీ వెళ్ళినంత గందరగోళంలో ఉందన్నమాట.

ఇలా తరచు ప్రయాణం చేసేవారు అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. రాత్రి నిద్ర చెడితే క్యాన్సరు వస్తుందటగా అని. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ రాత్రి షిఫ్టు పనిని క్యాన్సరుకు కారణం కావచ్చునన్న వర్గంలో 2007లో చేర్చింది, 2019లో మళ్ళీ పరిశీలించి అలాగే ఉంచింది. అది ఏళ్ళ తరబడి రాత్రి షిఫ్టులు చేసేవారి గురించి. నెలకు రెండు రాత్రులు చెడినవారు దానికి భయపడనక్కరలేదు. అలాగే కాళ్ళలో రక్తం గడ్డకట్టడం గురించి విని గంటంబావు ప్రయాణానికి బిగుతు మేజోళ్ళు వేసుకోనక్కరలేదు. ఆ ప్రమాదం నాలుగు గంటలు, అంతకు మించిన ప్రయాణాలలో పెరుగుతుంది. గల్ఫు, అమెరికా ప్రయాణికులు మాత్రం మధ్యమధ్య లేచి నడవాలి. విమానం లోపలి గాలి సుమారు ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉండే గాలిలా పలుచగా ఉంటుంది, అంటే మనం ఊటీలో కూర్చున్నట్టు. ఆరోగ్యవంతులకు ఏమీ కాదు. రక్తం బాగా తక్కువగా ఉన్నవారు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు, ఈ మధ్యనే గుండెపోటు వచ్చినవారు మాత్రం డాక్టరును అడిగి బయలుదేరాలి.

షుగరు వ్యాధి ఉన్నవారి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ వయసు ఉద్యోగులలో వారి సంఖ్య తక్కువ కాదు. ఎలాగూ లేచాం కదా అని రెండున్నరకే ఉదయం మాత్రనో ఇన్సులిన్నో వేసుకుంటారు. టిఫిను ఇంటికి వెళ్ళి తిందామనుకుంటారు. విమానం ఆలస్యమవుతుంది. టిఫిను ముందు వేసుకునే ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు తిండి లేకుండా వేసుకుంటే చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మొదలవుతాయి. నిద్రమత్తులో ఉన్న మనిషికి ఏది నిద్రో, ఏది చక్కెర పడిపోవడమో తెలియదు. స్టీరింగు దగ్గర ఉంటే సంగతి చెప్పనే అక్కరలేదు. ఎదురుగా పళ్ళెం వచ్చాకే తిండి ముందు మందు వేసుకోవాలన్నది తేలికైన నియమం. కొందరు దీనికి భయపడి నాలుగున్నరకే విమానాశ్రయంలో కడుపునిండా తింటారు. రాత్రివేళ శరీరం చక్కెరను సరిగా సర్దుకోలేదు గనుక అదే దోసె పగటి కంటె చక్కెరను ఎక్కువ పెంచుతుంది. ఆకలైతే కొద్దిగా తిని, అసలు టిఫిను తెల్లవారాక తినడం మేలు. రోజుకొకసారి వేసుకునే దీర్ఘకాలిక ఇన్సులిన్ మాత్రం రోజూ వేసుకునే వేళకే వేసుకోవచ్చు, మన దేశం లోపల గడియారం మారదు కదా. ఇన్సులిన్‌ను చేతిసంచిలోనే ఉంచుకోండి. కింద వేసే సామానులో పెడితే గడ్డకట్టే చలి తగలవచ్చు, సంచి రాకపోతే మందు కూడా రాదు. జేబులో నాలుగు గ్లూకోజు బిళ్ళలో, కాస్త పంచదారో ఉండాలి.

మూర్ఛ వ్యాధికి మందులు వాడేవారు తెల్లవారుజాము విమానాన్ని పూర్తిగా మానుకోవాలని నా గట్టి అభిప్రాయం. నిద్ర చెడడం, మాత్ర తప్పడం, ఈ రెండే మూర్ఛను తిరిగి తెచ్చే పెద్ద కారణాలు. ఈ ప్రయాణంలో రెండూ ఒకే రాత్రి జరుగుతాయి. మానసిక వ్యాధులకు, ముఖ్యంగా ఉత్సాహం పెచ్చుపెరిగే జబ్బుకు చికిత్స పొందుతున్నవారికి కూడా ఒక్క రాత్రి నిద్ర పోవడం చాలాసార్లు కొత్త దెబ్బకు మొదలవుతుంది. ఇలాంటి వారు డాక్టరు దగ్గర ఒక చీటీ తీసుకుని ఆఫీసులో చూపిస్తే పగటి టిక్కెట్టు ఇవ్వకపోరు.

ఇక ఎక్కక తప్పనివారికి. శుక్రవారం మధ్యాహ్నం రెండు దాటాక కాఫీ, టీ మానండి. ఐదారు గంటలైనా కాఫీలో సగం ఒంట్లోనే ఉంటుంది. సామాను గురువారం రాత్రే సర్దుకోండి. శుక్రవారం ఎనిమిదింటికి అన్నం తిని తొమ్మిదింటికి పడుకోగలిగితే ఐదు గంటలు దక్కుతాయి. విమానంలో కూర్చున్న వెంటనే పడుకోండి గాని, కిందికి దిగడం మొదలయ్యేసరికి లేపమని పక్కవారికి చెప్పండి. నిద్రలో మింగడం తగ్గుతుంది గనుక చెవులు దిమ్మెక్కి నొప్పి పెడతాయి. జలుబు ఉంటే ఇంకా ఎక్కువ. లేచి గుటకలు మింగుతూ, ఆవలిస్తూ ఉంటే సర్దుకుంటుంది.

ఇంట్లో వారికి కూడా ఒక పని ఉంది. మనిషి తొమ్మిదింటికి గుమ్మంలో అడుగుపెట్టగానే కరెంటు బిల్లు, ట్యూషను ఫీజు, పక్కింటి గోడ గొడవ ముందు పెట్టకండి. పిల్లలను ఒకసారి ఎత్తుకోనిచ్చి, కాస్త తినిపించి, గదిలో తెర దించి పడుకోబెట్టండి. గంటన్నర తరువాత లేపేయండి, మధ్యాహ్నం దాకా వదిలేస్తే రాత్రి నిద్ర కూడా పోతుంది. ఆ గంటన్నర సేపు స్కూటరు తాళాలు మాత్రం మేకుకే ఉండనివ్వండి. కూరగాయలకు ఇంకొకరు వెళ్ళవచ్చు.